గాలి వచ్చినప్పుడు తాళంచెవి ఎక్కడుండాలి?

 

ఈ నెల గోడపత్రికకి ఏదైనా రాయమని తెలుగు మేడం అడిగారు. అందరూ పరిశుభ్రత గూర్చి, చెట్లు నాటడం గూర్చి రాస్తున్నారు. నేను గాలి గూర్చి రాస్తాను. ఎందుకంటే గాలి గూర్చి నాకు ఒక బాకీ ఉన్నది. ఆ బాకీ ఏమిటో ముందు చెప్పేస్తాను. దాచుకుని రాస్తే అది నిజమైన వ్యాసం అవదు.

మొన్న ఏప్రిల్లో, ఇటుకల పండుగ సెలవులకు ఇంకా నాలుగు రోజులుందనగా, సాయంత్రం నాలుగు దాటాక పడమటి కొండ మీద మబ్బు నల్లగా కమ్మింది. అందరికీ గుర్తుండే ఉంటాది. నా లంగా ఓణీ, యూనిఫాం రెండూ గ్రౌండులో సిల్వర్ ఓక్ చెట్లకు కట్టిన తాడు మీద ఆరేసి ఉన్నాయి. నేను రికార్డు రాసుకుంటున్నాను. లేవడానికి బద్ధకం వేసి, నా పక్క మంచం చెల్లిని, ఆరో తరగతి గుంటని, "ఎల్లి నా బట్టలు తెచ్చిపెట్టవే" అన్నాను. అది మంచి పిల్ల, మారు మాటాడకుండా పరుగెత్తింది. చెట్ల కిందకి చేరేసరికి గాలి వచ్చేసింది. కొమ్మ ఒకటి ఫటేల్‌మని విరిగి దాని భుజం మీద పడింది. ఎముక విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టారు. వేసవి సెలవులు పోయినాక తిరిగి వచ్చింది గానీ, ఇప్పటికీ నీళ్ల బకెట్టు ఆ చేత్తో ఎత్తలేదు. దాని బకెట్టు రోజూ నేనే మోస్తున్నాను. అంతమాత్రాన బాకీ తీరదు కదా.

అక్కడితో అయిపోలేదు. మిగతా మనమందరమూ ఎక్కడికి పరుగెత్తాము? భోజనాల షెడ్డులోకి. అది రేకుల షెడ్డు. మూడు పక్కలా గోడ లేదు. అరగంట తిరక్కుండానే రెండు రేకులు లేచి కాగితాల్లాగ ఎగిరిపోయాయి. అప్పుడు తరగతి గదుల వైపు పరుగెత్తాము. అది స్లాబు బిల్డింగు, గట్టిది. కానీ తాళం వేసి ఉంది. తాళంచెవి వాచ్‌మన్ మావయ్య దగ్గర ఉంది. ఆయన పని మీద ఊళ్లోకి వెళ్లారు. వరండాలో తడుస్తూ, ఒకరినొకరు పట్టుకుని ముప్పావు గంట నిలబడ్డాము. మన వార్డెన్ మేడం కూడా మనతోపాటే తడిశారు. మూడో తరగతి పిల్లలిద్దరిని చెరో చంకలో పెట్టుకుని నిలబడ్డారు. అది నేను మరిచిపోను. కనుక ఈ వ్యాసం ఎవరినీ తప్పు పట్టడానికి కాదు. తప్పు మొదట నాదే. అయితే తప్పు ఎవరిదైనా, రెండోసారి జరగకుండా చూసే బాధ్యత అందరిదీ.

ఆ రోజు తర్వాత మన హాస్టల్లో మూడు రకాల మాటలు విన్నాను. వాటి గూర్చి నా అభిప్రాయం చెబుతాను.

మొదటి మాట: "కొండదేవతకి కోపం వచ్చింది. మనం ఏటి చెయ్యగలం?" మా అవ్వ కూడా ఇదే మాట అంటాది. పెద్దల నమ్మకాన్ని నేను ఎగతాళి చెయ్యను. కానీ ఇదే అవ్వ, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు చేతులు కట్టుకుని కూర్చోలేదు. అది 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ అంటే ఒక పిట్ట పేరట, ఆ పేరు ఒమాన్ దేశం ఇచ్చిందని సోషల్ సార్ చెప్పారు. ఆ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. విశాఖ విమానాశ్రయం పైకప్పే దెబ్బతిన్నది అంటే, మన మట్టిగోడల ఇళ్లు ఎంత? నేను అప్పటికి చంటిపిల్లని. మా అవ్వ నన్ను గోనెసంచిలో చుట్టి, ధాన్యం గాదె పక్కన మూలకి పెట్టి, తాను అడ్డంగా పడుకుందట. మా తాత గాలి పెరగకముందే పశువుల శాలలోకి ఎల్లి ఆవుల పలుపులు కోసేసి వదిలేశాడట. వదిలేసినవి ఎక్కడో బతికి మూడో రోజుకి తిరిగి వచ్చాయి. పక్కింటివాళ్లు కట్టేసి ఉంచిన జత ఎద్దులు శాల కూలి చచ్చిపోయాయి. చూడండి, మా అవ్వ దేవతకి మొక్కింది, కానీ మూల కూడా వెతుక్కుంది. మొక్కు ఒక చేయి, జాగ్రత్త ఒక చేయి. రెండు చేతులూ ఉంటేనే కుండ ఎత్తగలం.

ఆ గాలికి మా ఇంటి వెనక కొండ మీద ఉన్న అర ఎకరం కాఫీ తోట పోయింది. కాఫీకి నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లు మొదళ్లతో లేచి కాఫీ మొక్కల మీదే పడ్డాయి. వాటికి అల్లుకున్న మిరియాల తీగలూ పోయాయి. మన ఏజెన్సీలో ఎన్ని ఊళ్లలో ఇలా జరిగిందో మీ ఇళ్లల్లో అడగండి, ప్రతి ఇంట్లోనూ ఒక కథ ఉంటాది. కాఫీ మొక్క మళ్లీ నాటితే కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ మధ్యలో ఇల్లు గడవాలి కదా. మా అన్న ఐదో తరగతిలో ఉన్నాడు. ఆ ఏడాదే చదువు మానేసి నాన్నతో కూలికి ఎల్లిపోయాడు. మా ఇంట్లో అక్షరం చదవగలిగేది ఇప్పుడు నేనొక్కదాన్నే. అందుకే చెబుతున్నాను, గాలి ఇంటి కప్పునే కాదు, చదువుని కూడా లేపుకుపోతుంది. గాలి గూర్చి రాయడం చిన్న విషయం అనుకోకండి.

రెండో మాట: "గ్రౌండులో చెట్లన్నీ కొట్టించేస్తే పీడ విరగడవుతుంది." దీనికి నేను ఒప్పుకోను. సిల్వర్ ఓక్ మన దేశపు చెట్టు కాదు, ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. వేగంగా ఎత్తు పెరుగుతాది గానీ కొమ్మలు పెళుసు. పెద్ద గాలికి పుటుక్కున విరుగుతాయి. అంతమాత్రాన అన్ని చెట్లూ శత్రువులు కావు. చెట్ల వరస గాలి జోరుని కొంత విరుస్తుంది. కొండ వాలున మట్టిని వేళ్లతో పట్టి ఉంచుతుంది. చెట్లు లేని కొండ వానకి జారుతుంది. కనుక అన్నీ కొట్టించడం కాదు, చూసి కొట్టించాలి. డార్మిటరీ కప్పు మీదకి వాలిన కొమ్మలు, ఎండిపోయిన కొమ్మలు, వేళ్లు పైకి తేలిన చెట్టు, చెదలు పట్టిన మొదలు, ఇవి వానాకాలం ముందే తీయించాలి. చెట్టు తన ఎత్తు ఎంత ఉందో అంత దూరం పడగలదు. ఆ దూరంలో మనం బట్టలు ఆరేసుకోకూడదు, ప్రార్థనకి నిలబడకూడదు.

చెట్టు గూర్చి ఇంకో సంగతి. 2024 ఆగస్టు 31న తెలంగాణలో ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో, మన అక్కచెల్లెళ్లు సమ్మక్క సారలమ్మ జాతరకి ఎల్లే మేడారం దగ్గర, కొద్ది సేపట్లోనే వేల చెట్లు పడిపోయాయి. అది పేరు పెట్టిన తుఫాను కూడా కాదు. ఆ గాలి ఊళ్ల మీదకి రాలేదు గనుక సరిపోయింది. దీన్ని బట్టి ఏమి తెలుస్తున్నది? సముద్రానికి దూరంగా, అడవి మధ్యలో ఉన్నాము కదా, మనకేం భయం అనుకోవడం తప్పు. రేడియోలో తుఫాను పేరు చెప్పలేదు కదా అనుకోవడం కూడా తప్పు.

మూడో మాట: "గాలి వస్తుందని తెలియగానే అందరినీ ఇళ్లకి పంపించేస్తే హాస్టల్‌కి బాధ ఉండదు." ఈ మాట అన్నిటికంటే ప్రమాదం. మనలో చాలామంది ఊళ్లకి బస్సు లేదు. ఆటో దిగినాక కొండ ఎక్కాలి, గెడ్డ దాటాలి. గాలితో పాటు వాన ఉంటాది. గెడ్డ ఎప్పుడు పొంగుతుందో తెలియదు. ఘాట్ రోడ్డు మీద చెట్లు, బండరాళ్లు పడతాయి. రెండు రోజులు ముందుగా ఖబురు తెలిసి, తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్తే అది వేరు. మబ్బు కమ్మినాక గేటు తీసి "పొండి" అంటే, గట్టి ఇంట్లో ఉన్న పిల్లని తీసుకెళ్లి దారి మధ్యలో వదిలినట్టే.

దీనికి ఒక నిజమైన సంగతి ఉన్నది. మన కాఫీ తోటల్ని పడగొట్టిన హుద్‌హుద్ ఇక్కడితో ఆగలేదు. బలం తగ్గి, మబ్బుగా, తేమగా ఉత్తరాన హిమాలయాల దాకా ఎల్లింది. రెండు రోజుల తర్వాత, 2014 అక్టోబరు 14న, నేపాల్‌లో అన్నపూర్ణ కొండల దగ్గర అదే మంచు తుఫాను అయ్యింది. అక్కడ తోరాంగ్ లా అనే కనుమ ఉన్నది. ఎత్తు 5,416 మీటర్లు. కొండలెక్కడానికి వచ్చిన యాత్రికులూ, వాళ్ల సామాన్లు మోసేవాళ్లూ, మన లాంటి కొండ ఊళ్లవాళ్లూ నలభై మందికి పైగా చనిపోయారు. మంచులో దారి కనపడక, చలికి, మంచు చరియల కింద పడి పోయారు. విశాఖలో వానగా కురిసింది అక్కడ మంచుగా కురిసింది. ఒకే తుఫాను రెండు కొండల్ని కొట్టింది. నేను దీని నుంచి నేర్చుకున్నది ఒక్కటే. కొండల్లో గాలి వచ్చినప్పుడు దారిలో ఉండకూడదు. గట్టి చోటు ఉంటే అక్కడే ఉండాలి.

ఇప్పుడు కొండల్లో గాలి ఎందుకు అంత గట్టిగా ఉంటాదో సైన్సు సార్‌ని అడిగి రాసుకున్నది చెబుతాను. గొట్టం కొసని వేలితో సగం మూస్తే నీళ్లు ఎంత జోరుగా వస్తాయో చూశారు కదా. గాలి కూడా అంతే. రెండు కొండల మధ్య సందులోకి దూరినప్పుడు, కొండ శిఖరం మీదుగా దాటినప్పుడు దాని వేగం పెరుగుతుంది. అందుకే కింద ఊళ్లో ఆకు కదలకపోయినా కనుమ దగ్గర నిలబడలేము. అనంతగిరి దారిలో ఉన్న గాలికొండకి ఆ పేరు ఊరికే పెట్టలేదనుకుంటాను. మన హాస్టల్ కూడా రెండు కొండల సందుకి ఎదురుగానే ఉన్నది. పడమటి నుంచి వచ్చే గాలికి మొదట తగిలేది మన భోజనాల షెడ్డే.

ఇంకొకటి. గాలి వేగం రెండింతలైతే దాని తోపుడు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలిని తట్టుకున్న రేకు, 120 కిలోమీటర్ల గాలిని తట్టుకుంటుందని నమ్మకం లేదు. "కిందటేడు గాలికి ఏమీ కాలేదు" అనే మాట అందుకే పనికిరాదు.

రేకులు ఎందుకు లేస్తాయి? గాలి పై నుంచి నొక్కితే కిందకి పడాలి గానీ పైకి ఎందుకు ఎగురుతాయి అని నాకు పెద్ద అనుమానం. సార్ ఒక కాగితం ముక్క పెదవి దగ్గర పెట్టుకుని పైన ఊదమన్నారు. ఊదితే కాగితం కిందకి ఎల్లలేదు, పైకి లేచింది. కప్పు మీద గాలి జోరుగా ఎల్లినప్పుడు పైన ఒత్తిడి తగ్గి కప్పుని పైకి లాగుతుంది. అదే సమయంలో గాలికి ఎదురుగా ఉన్న తలుపో కిటికీయో తెరిచి ఉంటే లోపలికి దూరిన గాలి కింద నుంచి తోస్తుంది. పైన లాగుడు, కింద తోపుడు. రేకు ఎగరక ఏం చేస్తాది? గోడల్లేని షెడ్డు అందుకే అన్నిటికంటే ప్రమాదం. తలుపులు కిటికీలు మూయాలని పెద్దలు చెప్పేదానికి కారణం ఇదే.

మా తాతల కాలంలో కొండ ఇళ్లకు గడ్డి కప్పు చూరు నడుము దాకా వంగి ఉండేది. వంగి దూరాల్సి వచ్చేది. అడ్డ నారతో వాసాలకి గట్టిగా కట్టేవారు. చిన్నప్పుడు నేను నవ్వేదాన్ని, మనిషి పట్టని ఇల్లు ఎందుకని. ఇప్పుడు అర్థమైంది, అది గాలికి తల వంచిన ఇల్లు. ఇప్పుడు అందరం రేకులు వేసుకుంటున్నాము. మంచిదే, వాన కారదు. కానీ రేకులు ఎగరకుండా పైన రాళ్లు పెడుతున్నాము. గాలికి రేకు లేస్తే రాయి కూడా మన నెత్తి మీదకే వస్తాది. రాయి పెట్టడం కాదు, రేకుని హుక్కులు, నట్లతో వాసాలకి బిగించాలి. ఈ సంగతి సెలవులకి ఎల్లినప్పుడు ఇంటికాడ తప్పకుండా చెప్పండి. చదువుకున్నందుకు మనం ఇంటికి పట్టుకెళ్లగలిగిన బహుమతి ఇదే.

గాలి ఎంత పెద్దదో మనకి ఎలా తెలుస్తుంది? కొలిచే యంత్రం మన దగ్గర లేదు. బ్యూఫోర్ట్ అనే ఇంగ్లాండు నౌకాదళం ఆయన 1805లో ఓడ తెరచాపల్ని చూసి గాలికి నంబర్లు పెట్టాడట. తర్వాత నేల మీద చూసే గుర్తులు కలిపారు. దాన్ని మన హాస్టల్‌కి తగ్గట్టు రాస్తాను. పెద్ద కొమ్మలు ఊగుతూ, గొడుగు పట్టుకోవడం కష్టమైతే గంటకు సుమారు 40 నుంచి 50 కిలోమీటర్లు. అప్పుడే బట్టలు, గిన్నెలు వదిలి లోపలికి రావాలి. చెట్టు మొత్తం ఊగి, గాలికి ఎదురు నడవడం కష్టమైతే 50 నుంచి 61. అప్పటికే లోపల ఉండాలి. చిన్న కొమ్మలు విరిగి పడుతుంటే 62 దాటింది. సముద్రంలో వాయుగుండానికి ఇంత గాలి వస్తేనే తుఫాను అని పేరు పెడతారు. చెట్లు వేళ్లతో లేస్తుంటే 89 దాటినట్టు. మన కళ్లే మన యంత్రం.

వేసవిలో వచ్చే గాలివానకి ఇంకో గుర్తు ఉన్నది. మధ్యాహ్నం దాకా ఉక్కపోసి, పడమట నల్లటి మబ్బు లేచి, ఒక్కసారిగా చల్లటి గాలి ముఖానికి తగిలిందంటే ఇంక కొన్ని నిమిషాలే టైము. మనం ఆ చల్లగాలికి సంతోషపడి గ్రౌండులోకి పరుగెడతాము. నిజానికి అది గంట కొట్టినట్టు, లోపలికి రమ్మని.

తుఫాను విషయంలో మాత్రం మనకి రోజుల ముందే తెలుస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది చనిపోయారు. అప్పుడు ఖబురు అందేది కాదు, అందినా ఎల్లడానికి చోటు లేదు. హుద్‌హుద్ కూడా చాలా పెద్ద తుఫానే. కానీ వాతావరణ శాఖ ముందే చెప్పింది, తీరంలో లక్షల మందిని ముందే తరలించారు. అందుకే అంత ప్రాణనష్టం కాలేదు. గాలిని ఎవరూ ఆపలేదు. తెలుసుకుని, చోటు చూసుకుని, ముందే కదిలారు, అంతే. వాతావరణ శాఖ ఇప్పుడు రంగులతో చెబుతోంది. ఆకుపచ్చ అంటే భయం లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోండి. పిడుగుల గూర్చి కూడా ఫోన్లకి మెసేజీలు వస్తున్నాయి. మన దగ్గర సిగ్నల్ ఉండేది వాటర్ ట్యాంకు దగ్గరే. మెసేజీ వచ్చినా ఎవరూ చూడకపోతే రానట్టే.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. తాళంచెవి.

తరగతి గదులకి తాళం వేయడం తప్పని నేను అనను. లోపల రిజిస్టర్లు, కంప్యూటర్లు, సైన్సు సామాన్లు ఉన్నాయి. పోతే మేడం, సార్ జవాబు చెప్పాలి. రాత్రిపూట ఆడపిల్లల హాస్టల్‌కి తాళం వేసేది కూడా మన మంచికే. ఈ సంగతి తెలిసి కూడా అడుగుతున్నాను. తాళం వేసేది దొంగ రాకుండా. గాలి వచ్చిన రోజు ఆ తాళం దొంగని కాదు, మనల్ని ఆపింది. కంప్యూటరు పోతే మళ్లీ కొనగలరు. మా అమ్మకి నేను ఒక్కదాన్నే చదువుకునే కూతురిని.

కనుక గౌరవనీయులైన పెద్దలకి నా విన్నపాలు ఇవి.

1. స్లాబు బిల్డింగులో కింది అంతస్తు గది ఒకటి "గాలి గది" అని ముందే నిర్ణయించాలి. అద్దాల కిటికీలు తక్కువ ఉన్నది చూడాలి. విలువైన సామాన్లు వేరే గదిలో పెట్టుకోవచ్చు.

2. ఆ గదికి రెండో తాళంచెవి చేయించి వార్డెన్ మేడం గదిలో మేకుకి తగిలించాలి. మేడం లేని రాత్రి డ్యూటీలో ఉన్నవారి దగ్గర ఉండాలి. లోపలి నుంచి గడియ మనం వేసుకుంటాము, కాబట్టి భయం లేదు.

3. గాలికి వేరే గంట ఉండాలి. భోజనం గంట, ప్రార్థన గంట లాగా కాకుండా ఆపకుండా కొట్టాలి. నెలకి ఒకసారి ఉత్తుత్తి గంట కొట్టి అలవాటు చేయించాలి. పెద్ద పిల్లకి ఇద్దరు చిన్న పిల్లల చొప్పున అప్పజెప్పాలి.

4. బట్టల తాడు చెట్లకి కాకుండా, చెట్లకి దూరంగా ఇనుప స్తంభాలకి కట్టించాలి.

5. ఏప్రిల్, మే నెలల్లోను, అక్టోబరు, నవంబరు నెలల్లోను రోజూ సాయంత్రం ఒకరు వాతావరణం ఖబురు చూసి బోర్డు మీద రంగు సుద్దముక్కతో రాయాలి. ఆ పని మా తొమ్మిదో తరగతి చేస్తాది.

పెద్దల్ని అడిగి మనం ఊరుకుంటే న్యాయం కాదు. మనం చెయ్యాల్సినవి ఇవి.

గంట వినగానే బట్టలు, పుస్తకాలు, ట్రంకు పెట్టె ఏదీ చూడొద్దు. చెల్లెళ్లని ఎక్కడికీ పంపొద్దు. చెట్టు కింద, కరెంటు స్తంభం దగ్గర, రేకుల షెడ్డులో, గోడ వారన నిలబడొద్దు. లోపలికి ఎల్లాక కిటికీ దగ్గర కాదు, లోపలి గోడ మూలన కూర్చోవాలి. ఏదైనా పడుతుంటే బల్ల కిందకి దూరి చేతులతో తల కప్పుకోవాలి. బయట చిక్కుకుంటే శిఖరం మీద, కనుమలో ఉండొద్దు. గాలికి అవతలి వైపు వాలుకి, చెట్లకి దూరంగా దిగి వంగి కూర్చోవాలి. ఉరుము వినపడిందంటే పిడుగు మన దాకా రాగలదని అర్థం. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటకి రావొద్దు. తుఫానులో గాలి ఒక్కసారిగా ఆగిపోతే సంబరపడొద్దు. తుఫాను కన్ను మన మీద ఉన్నప్పుడు అలా ఆగి, తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది.

గాలి పోయాక కూడా ప్రమాదం పోదు. తెగి పడిన తీగకి కరెంటు ఉండదులే అనుకోవద్దు, దగ్గరకి పోవద్దు, పెద్దలకి చెప్పాలి. సగం విరిగి వేలాడే కొమ్మ కింద నడవొద్దు. వంట చెరకు కోసం పడిన చెట్ల మీదకి అప్పుడే పరుగెత్తొద్దు. ఎవరికైనా దెబ్బ తగిలితే 108కి, పెద్ద ఆపద అయితే 112కి గానీ విపత్తుల నంబరు 1070కి గానీ ఫోను చెయ్యాలి. ఈ నంబర్లు తలుపు మీద రాయాలి.

ఇంత రాశాక మా గదిలో ఒక నేస్తం అడిగింది, "నువ్వు రాస్తే తాళంచెవి వస్తాదా?" అని. రావచ్చు, రాకపోవచ్చు. మా అన్నకి చదువు ఆగిపోయినప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి అడగడం రాదు. అడగాలని కూడా తెలియదు. నాకు ఇప్పుడు రాయడం వచ్చు. వచ్చినాక కూడా అడగకపోతే ఆ చదువు ఎందుకు?

నా పక్క మంచం చెల్లి ఈ కాగితం చదివి, "అక్కా, నా పేరు రాయొద్దు, నాకు సిగ్గు" అంది. రాయలేదు. కానీ ఒక మాట దానికి అందరి ముందూ చెబుతున్నాను. చెల్లీ, నా బట్టలు పోయినా పరవాలేదు. ఇంకెప్పుడూ నిన్ను గాలిలోకి పంపను.

వచ్చేది అక్టోబరు. హుద్‌హుద్ వచ్చిన నెల. ఆ నెల రాకముందే మేకుకి తాళంచెవి వేలాడుతూ కనపడాలని కోరుకుంటూ ముగిస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించి దిద్దగలరు.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని,
'బి' డార్మిటరీ, కిటికీ పక్క మంచం